చిన్న విమానం, పెద్ద సరస్సు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

గత నెల ఈ శీర్షికలో సోమశిల దగ్గర కృష్ణ వెనుక జలాల మీద పడవ ప్రయాణం గురించి రాస్తూ, రోడ్డే లేని పెద్ద సరస్సుల దగ్గరికి చిన్న విమానాల్లో వెళ్ళే యాత్రికులను గురించి ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొనే హైదరాబాదు నలుమూలల నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, ఏడు ప్రశ్నలకు ఇక్కడ సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని హౌటన్ అనే ఊళ్ళో ఎం.ఎస్. పూర్తి చేస్తున్నాడు. మే మొదటి వారంలో నేనూ మా ఆవిడా అక్కడికి చేరుతున్నాము. ఆ వారంలోనే చిన్న విమానంలో ఒక దీవికి తీసుకువెళ్తానంటున్నాడు. నాకు 64 ఏళ్ళు, ఆవిడకు 60. ఇద్దరివీ మోకాళ్ళు మునుపటిలా లేవు. వెళ్ళవచ్చునా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: తప్పకుండా వెళ్ళండి, కాని మే మొదటి వారంలో వద్దు. మీ అబ్బాయి చెబుతున్నది ఐల్ రాయల్ దీవి గురించి. సుపీరియర్ సరస్సులో ఉన్న ఈ దీవి సుమారు 72 కిలోమీటర్ల పొడవు, 14 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. 1940 నుంచి జాతీయ పార్కు. ఏటా నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు దీన్ని పూర్తిగా మూసివేస్తారు. తెరిచిన వెంటనే అన్నీ అమరుతాయనుకోకండి. విమానాలు మే నెల సగం గడిస్తే గాని మొదలు కావు, రాక్ హార్బర్ రేవులో ఉన్న లాడ్జి మే నెలాఖరుకు గాని తలుపులు తీయదు. ఆ తరువాత జూన్, జూలై నెలల్లో దోమలూ నల్ల ఈగలూ మనిషిని నిలవనీయవు. విజిటర్ వీసా మీద వెళ్ళినవారిని సాధారణంగా 6 నెలల వరకు ఉండనిస్తారు కనుక, ఆగస్టు రెండవ పక్షం దాకా ఆగగలిగితే అంతకు మించిన సమయం లేదు.

సరస్సు అనగానే మన ఊరివారికి హుస్సేన్ సాగర్ కళ్ళ ముందు మెదులుతుంది కనుక ఒక కొలత చెబుతాను. సుపీరియర్ విస్తీర్ణం సుమారు 82,100 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో దాదాపు నాలుగింట మూడు వంతులు. ఉపరితలం లెక్కన ప్రపంచంలోని మంచినీటి సరస్సులన్నింటిలో ఇదే పెద్దది. 1975 నవంబరు 10న ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే 222 మీటర్ల సరుకుల ఓడ తుపానులో చిక్కుకొని, అందులోని 29 మందితో సహా మునిగిపోయింది ఈ సరస్సులోనే. ఎండాకాలంలో కూడా ఈ నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లగా ఉంటాయి. మనవాళ్ళు నీళ్ళు కనబడగానే మునక వేయాలని చూస్తారు. ఇక్కడ ఆ ముచ్చట పాదాలు తడుపుకోవడంతో తీర్చుకోవాలి.

హౌటన్‌కు ఎదురుగా ఉన్న హాంకాక్ నుంచి దీవికి విమానంలో ముప్పావు గంట లోపే చేరతారు; అదే దూరానికి ఓడలో దాదాపు ఆరు గంటలు పడుతుంది. నా సలహా, వెళ్ళేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు ఓడ. పొగమంచు పట్టిందంటే చిన్న విమానం కదలదు, అటువంటప్పుడు తిరుగు ప్రయాణం తారీఖు చేతిలో లేకుండా పోతుంది. మోకాళ్ళ మాటకు వస్తే, దీవి నడిబొడ్డున 65 కిలోమీటర్ల గ్రీన్‌స్టోన్ రిడ్జ్ బాటను మీ అబ్బాయికి వదిలేయండి. రాక్ హార్బర్ నుంచి స్కోవిల్ పాయింట్ వైపు ఒడ్డు వెంబడి వెళ్ళే బాట ఉన్నది. పోయిరావడానికి దాదాపు ఏడు కిలోమీటర్లవుతుంది గాని, మొత్తం నడవకపోయినా మనసు నిండేంత చూడవచ్చు.

ఈ దీవిలో ఎలుగుబంట్లు లేవు. మూస్ అనే గుర్రమంత ఎత్తు దుప్పులూ, వాటిని వేటాడే తోడేళ్ళూ ఉన్నాయి. తోడేళ్ళు 1940 దశకం చివరలో గడ్డకట్టిన సరస్సు మీదుగా నడిచి వచ్చాయి. 1958 నుంచి ఈ రెండు జంతువుల లెక్కను పరిశోధకులు ఏటా రాస్తూనే ఉన్నారు. మంచు వంతెన సరిగా కట్టని శీతాకాలాలు పెరిగి కొత్త రక్తం రాక, 2018 నాటికి రెండే రెండు తోడేళ్ళు మిగిలాయి. అప్పుడు బయటి నుంచి 19 తోడేళ్ళను తెచ్చి వదిలారు. ఈ తోడేళ్ళ కారణంగానే దీవిలోకి పెంపుడు కుక్కలను రానివ్వరు, తోడేళ్ళ మలంలోని బద్దెపురుగు గుడ్ల కారణంగా సరస్సు నీటిని కాచి గాని, సన్నని ఫిల్టరులో వడగట్టి గాని తాగమంటారు. నీళ్ళు అద్దంలా కనిపించినా ఈ మాట మరవకండి.

ప్రశ్న: జూలైలో పది రోజులు సెలవు పెట్టి అలాస్కా వెళ్ళాలనుకుంటున్నాను. జలపాతం దగ్గర ఎలుగుబంట్లు నోటితో చేపలు అందుకొనే చోటు ఒకటి, ఒక మనిషి ఒంటరిగా సరస్సు ఒడ్డున కట్టుకొన్న దుంగల ఇల్లు ఒకటి, రెండూ చూడాలని కోరిక. మ్యాపులో పక్కపక్కనే ఉన్నట్టున్నాయి. రెండింటికీ కలిపి మూడు రోజులు చాలునా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

సమాధానం: చాలవు. మ్యాపులో వాటి మధ్య దూరం బెత్తెడే గాని, ఒక చోటి నుంచి రెండవ చోటికి రోడ్డు లేదు. ఆకాశం అనుకూలిస్తేనే ప్రయాణం.

మీరు చెప్పిన జలపాతం కట్మాయ్ జాతీయ పార్కులోని బ్రూక్స్ జలపాతం. అలాస్కాలోని ఆంకరేజ్ నగరం నుంచి కింగ్ సామన్ అనే చిన్న ఊరికి మామూలు విమానంలో వెళ్ళి, అక్కడ నీటి మీద దిగే విమానం ఎక్కితే నాక్‌నెక్ సరస్సు ఒడ్డున దింపుతుంది. దిగిన ప్రతివారికీ పార్కు సిబ్బంది మొదట పాఠం చెబుతారు. అది వినకుండా అడుగు ముందుకు వేయనివ్వరు. ఎలుగుబంటికి కనీసం 45 మీటర్ల దూరంలో ఉండాలి. బాట మీద మంచినీళ్ళు తప్ప మరేదీ నోట్లో వేసుకోరాదు, తిండి పదార్థాలు వెంట ఉంచుకోరాదు. అమ్మ కట్టి ఇచ్చిన సకినాల పొట్లం జేబులో ఉన్నా సరే, తీసి వాళ్ళు చూపిన చోట భద్రపరచి రావలసిందే. సాకై సామన్ చేపలు ఎదురెక్కేది జూలైలోనే కనుక మీరు ఎంచుకొన్న నెల సరైనదే, అయితే ఆ నెలలో అందరూ అదే ఎంచుకొంటారు. జలపాతం ఎదుటి వేదిక మీదికి ఒకసారి 40 మందినే అనుమతిస్తారు. మిగిలినవారు వంతు కోసం వేచి ఉండాలి. విద్యుత్ కంచె కట్టిన గుడారాల స్థలంలో చోటు కావాలంటే జనవరిలోనే బుక్ చేసుకోవాలి. ఒక్కరోజులో పోయి వచ్చే యాత్రకే ఆంకరేజ్ నుంచి మనిషికి వెయ్యి డాలర్లు దాటుతుంది.

రెండవది లేక్ క్లార్క్ జాతీయ పార్కులో, ట్విన్ లేక్స్ ఒడ్డున ఉన్న రిచర్డ్ ప్రోనెక్ ఇల్లు. ఆయన 1968లో, 50 దాటిన వయసులో, చేతి పనిముట్లతో ఆ ఇల్లు కట్టుకొని, 1998 వరకు అక్కడ గడిపాడు. పనిముట్లకు ఇనుప భాగాలు మాత్రమే తీసుకువెళ్ళి, పిడులు అక్కడి కొయ్యతోనే చెక్కుకొన్నాడు. ఆ తలుపు దగ్గర ఒక్క నిమిషం నిలబడండి: బందులు సైతం చెక్కవే, ఎక్కడా ఇనుము లేదు. మన పల్లెటూళ్ళలో పాత వడ్రంగుల పని ఎరిగినవారికి అది చూడగానే ఎవరో మనవాడే కట్టినట్టు అనిపిస్తుంది. అక్కడికి చేరాలంటే ముందు ఆంకరేజ్ నుంచి కొండల నడిమి కనుమ గుండా సుమారు గంట ఎగిరి పోర్ట్ ఆల్స్‌వర్త్ చేరాలి, అక్కడి నుంచి మరో చిన్న విమానం. పార్కుకు ప్రవేశ రుసుము లేదు. డబ్బంతా విమానాలకే పోతుంది.

నన్ను ఒకటే ఎంచుకొమ్మంటే లేక్ క్లార్క్‌నే ఎంచుకొంటాను. పోర్ట్ ఆల్స్‌వర్త్‌లో బస చేసి, సుమారు 4 కిలోమీటర్లు నడిచి టనాలియన్ జలపాతం చూసి, ఒక రోజంతా సరస్సు మీద కయాక్ అనే సన్నని పడవలో తెడ్డు వేస్తూ గడపవచ్చు. అక్కడి నీళ్ళే న్యూహాలెన్ నది గుండా ఇలియామ్నా సరస్సులోకి చేరతాయి. ఇలియామ్నా సుమారు 2,600 చదరపు కిలోమీటర్లు, అంటే తొమ్మిది నాగార్జునసాగర్ జలాశయాలంత. సముద్రంలో ఉండవలసిన సీల్ జంతువులు ఆ మంచినీటిలో ఏడాది పొడవునా కాపురముంటాయి. మీ పది రోజులను ఇలా పంచుకోండి: రాకపోకలకు మూడు, లేక్ క్లార్క్‌కు మూడు, బ్రూక్స్‌కు రెండు, వానకూ పొగమంచుకూ రెండు. ఆ చివరి రెండింటిలో మరో విహారం ఇరికించకండి. ఎలుగుబంట్ల మీద కొట్టే మిరియపు స్ప్రేను పెద్ద విమానాల్లో సామానులో కూడా తీసుకుపోనివ్వరు, ఆంకరేజ్‌లో కొనుక్కోండి. నీటి విమానం వారు దాన్ని మనుషులుండే చోట కాక, చక్రాలకు బదులు కింద ఉండే తేలే దిమ్మెల లోపలి అరలో పెడతారు. గాలిలో ఉండగా అది లోపల పేలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు.

ప్రశ్న: విమానం ఎక్కే ముందు ప్రయాణికుల బరువు అడుగుతారట, కొన్నిచోట్ల అందరి ముందూ కాటా ఎక్కిస్తారట. ఇది మర్యాదేనా? అసలు ఒక్క ఇంజను విమానం క్షేమమేనా?
— ఒక గృహిణి, దిల్‌సుఖ్‌నగర్

సమాధానం: అమ్మా, ఆ తూకం అవమానించడానికి కాదు. మూడు వందల మందిని మోసే విమానంలో ఒకరి పది కిలోలు ఎటు పోయినా లెక్కలోకి రాదు. ఆరుగురిని మోసే విమానంలో అదే పది కిలోలు వెనుక సీటులో ఉన్నాయా, ముందు సీటులో ఉన్నాయా అన్నది కూడా పైలట్‌కు తెలియాలి. అందుకే ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆయనే చెబుతాడు, భార్యాభర్తలను విడదీసి కూర్చోబెట్టినా మనం నొచ్చుకోరాదు. బట్టలతో, బూట్లతో, చేతి సంచీతో సహా ఉన్న బరువును ఉన్నట్టు చెప్పండి. ఐదు కిలోలు తగ్గించి చెప్పే అలవాటును పెళ్ళిచూపులకు పరిమితం చేద్దాము. గట్టి సూట్‌కేసులు కాకుండా మెత్తటి సంచులు తీసుకువెళ్ళండి. సందుల్లో కూరడానికి అవే వీలు.

ఈ పనికి పేరు మోసిన విమానం కెనడాలో తయారైన బీవర్. 1947లో మొదటిసారి ఎగిరింది, 1967 వరకు తయారుచేశారు, ఇప్పటికీ అలాస్కాలోనూ కెనడాలోనూ పనిలో ఉన్నది. దాన్ని రూపొందించే ముందు అడవి దారుల్లో తిరిగే పైలట్లను మీకేమి కావాలని అడిగి మరీ కట్టారు. తలుపు వెడల్పు ఎంతంటే, నూనె పీపాను దొర్లించి లోపలికి ఎక్కించవచ్చు. ఇంజను ఒక్కటే, అయితే చక్రాలకు బదులు తేలే దిమ్మెలున్న విమానానికి కింద సరస్సు ఉన్నంత మేరా అత్యవసరంగా దిగడానికి చోటు ఉన్నట్టే.

అసలు ప్రమాదం ఇంజనులో కన్నా ఆకాశంలో ఎక్కువ. ఈ విమానాలు చాలావరకు కంటికి కనిపించేదాన్ని ఆనవాలు పట్టుకొని ఎగురుతాయి. కొండ మీద మబ్బు దిగితే, నీటి మీద పొగమంచు కమ్మితే బయలుదేరకూడదు. మరొక వింత: అలలు లేచిన నీరు ప్రమాదమని అందరికీ తెలుసు గాని, ఏమాత్రం కదలిక లేని అద్దం లాంటి నీరు కూడా పైలట్‌కు కష్టమే. ఆకాశం యావత్తూ నీటిలో కనిపించి, తానెంత ఎత్తులో ఉన్నాడో అంచనా దొరకదు. కనుక పైలట్ ‘ఈ రోజు వద్దు’ అంటే మారు మాట్లాడకండి, బతిమాలకండి, ఎక్కువ డబ్బు ఇస్తామనకండి. ఇంకొక్క సంగతి గుర్తుంచుకోండి. నీటి విమానంలో ఇచ్చే గాలి నింపుకొనే లైఫ్ జాకెట్‌ను విమానం లోపల ఉండగా ఎన్నడూ ఉబ్బించకూడదు. విమానం తలకిందులై నీరు లోపలికి వస్తే, ఉబ్బిన జాకెట్ మనిషిని పైకప్పుకు అదిమి తలుపు దాకా పోనివ్వదు. ముందు సీటు బెల్టు విప్పి, బయటికి వచ్చి, ఆ తరువాతే తాడు లాగాలి.

ప్రశ్న: డాలర్ల మాట మా వల్ల కాదు. నలుగురం మిత్రులం, అందరం పదవీ విరమణ చేసినవాళ్ళం. వీసా గొడవ లేకుండా, చిన్న విమానం ఎక్కి చూడదగిన సరస్సు దగ్గరలో ఎక్కడైనా ఉన్నదా?
— ఒక విశ్రాంత అధ్యాపకుడు, తార్నాక

సమాధానం: ఈ ఉత్తరం కోసమే ఎదురుచూస్తున్నాను. నేపాల్‌లోని రారా సరస్సుకు వెళ్ళండి.

సుపీరియర్ పక్కన పెడితే రారా ఒక చుక్క: 10.8 చదరపు కిలోమీటర్లు, అంటే మన హుస్సేన్ సాగర్‌కు రెండింతలకు కాస్త తక్కువ. కాని నేపాల్‌లో అదే అతి పెద్ద సరస్సు. సముద్ర మట్టానికి 2,990 మీటర్ల ఎత్తున, పైన్ అడవుల నడుమ, 167 మీటర్ల లోతుతో ఉన్న నీరు అది. ఉదయం ఒక రంగు, మధ్యాహ్నం ఒక రంగు, సాయంత్రం మరొక రంగు అని వాళ్ళు చెబితే నేను నమ్మలేదు. మూడు పూటలూ కూర్చొని చూసి ఒప్పుకొన్నాను. అక్కడి మంచు ట్రౌట్ చేపల్లో మూడు రకాలు ప్రపంచంలో మరెక్కడా లేవు. చుట్టూ ఉన్న రారా జాతీయ పార్కును 1976లో ఏర్పాటు చేశారు, 106 చదరపు కిలోమీటర్లతో నేపాల్ జాతీయ పార్కుల్లో అదే చిన్నది. పార్కు కోసం రారా, ఛాప్రు అనే రెండు ఊళ్ళను ఖాళీ చేయించి, ఆ జనాన్ని దిగువన తరాయి మైదానాలకు తరలించారు. శ్రీశైలం ముంపు ఎరిగిన మనకు ఆ ఖాళీ మెట్టభూములను చూసినప్పుడు మిగతా యాత్రికులకు కలగని ఆలోచన ఒకటి కలుగుతుంది.

దారి ఇది. హైదరాబాదు నుంచి లక్నోకు విమానం, లక్నో నుంచి రోడ్డున రుపైదిహా సరిహద్దు, అది దాటితే నేపాల్‌గంజ్. లేదా ఢిల్లీ మీదుగా కాఠ్మాండూ వెళ్ళి, అక్కడి నుంచి నేపాల్‌గంజ్ చేరవచ్చు. నేపాల్‌గంజ్ నుంచి తాల్చా అనే కొండ మీది చిన్న విమానాశ్రయానికి ట్విన్ ఆటర్ వంటి రెండు ఇంజన్ల చిన్న విమానాలు గంట లోపే చేరుస్తాయి. తాల్చా నుంచి సరస్సుకు నడకైతే మూడు గంటల లోపు. మనకు వీసా అక్కరలేదు, కాని విమానంలో నేపాల్ వెళ్ళేవారికి పాస్‌పోర్టు గాని ఓటరు గుర్తింపు కార్డు గాని ఉండాలి. 65 ఏళ్ళు దాటినవారికి, 15 ఏళ్ళ లోపు పిల్లలకు తప్ప ఆధార్ కార్డు పనికిరాదు. మీ నలుగురిలో 65 నిండనివారు ఎవరైనా ఉంటే ఇప్పుడే బీరువా వెతికించండి.

ఇక సామాను సంగతి నా అనుభవం మీదే చెబుతాను. కొండ విమానాల్లో చేతి సంచీతో కలిపి సాధారణంగా 15 కిలోలే. నేపాల్‌గంజ్‌లో నా సంచీ తూకం వేసిన కుర్రవాడు ముల్లు చూసి, సంచీ విప్పి, పైన ఉన్న ఆవకాయ సీసా తీసి కౌంటరు మీద పెట్టాడు. మళ్ళీ తూచాడు. సరిగ్గా సరిపోయింది. నా ముఖం చూశాడో ఏమో, సీసా చేతిలోకి తీసుకొని, మూత దగ్గర కారిన నూనెను వేలితో తుడిచి వాసన చూసి, ‘తిరిగి వచ్చేటప్పుడు ఇక్కడే ఉంటుంది’ అన్నాడు. ఆ మాట అన్న తరువాత విమానం రెండు రోజులు బయలుదేరలేదు. కొండల్లో ప్రొద్దెక్కేకొద్దీ గాలి లేస్తుంది కనుక అక్కడి విమానాలన్నీ తెల్లవారుజామునే. ఐదింటికి వెళ్ళి కూర్చోవడం, పదింటికి ‘ఈ రోజు లేదు’ అనిపించుకొని తిరిగి రావడం. ఆ విమాన సంస్థ మా చేత మూడు సార్లు టికెట్టు మార్పించి, ఒక్కసారి కూడా రాతపూర్వకంగా కారణం ఇవ్వలేదు. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే. విమానం ఆపినందుకు మాత్రం కోపం లేదు. మూడవ రోజు వెళ్ళాము. సీసా మాత్రం తిరుగు ప్రయాణంలో ఉన్నచోటే ఉన్నది, అడుగున నాలుగు ముక్కలతో.

అందుచేత రారాకు నాలుగు రోజులు అనుకొంటే ఏడు రోజులు పెట్టుకోండి, రైలో విమానమో తిరుగు టికెట్టు మార్చుకొనే వీలున్నది కొనండి. మీ వయసుకు ఒక జాగ్రత్త: మూడు వేల మీటర్ల ఎత్తు ప్రాణాంతకం కాదు గాని, మొదటి రోజు మెట్లెక్కితే ఆయాసం, తలనొప్పి వస్తాయి. దిగిన రోజు సరస్సు ఒడ్డున కూర్చోండి. ముర్మా టాప్ శిఖరానికి ఎక్కడం, గుర్రం మీద సరస్సు చుట్టి రావడం మరుసటి రోజుకు ఉంచుకోండి. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు ముందే వైద్యుణ్ణి అడగండి. సెప్టెంబరు చివర నుంచి నవంబరు వరకు, మళ్ళీ ఏప్రిల్, మే నెలలు మంచివి. కాళ్ళలో సత్తువ ఉన్న కుర్రవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, నేపాల్‌లోనే జుఫాల్‌లో విమానం దిగి 3,611 మీటర్ల ఎత్తున ఉన్న ఫోక్సుండో సరస్సుకు వెళ్ళండి. రారా కన్నా కఠినం, రంగు మాత్రం మరింత గాఢం.

ప్రశ్న: మా చెల్లెలి కుటుంబం టాంజానియాలో దారెస్సలాంలో ఉంటున్నది. సఫారీలు చూశాము. సరస్సు ఒడ్డున అడవి, అందులో చింపాంజీలు ఉన్న చోటు ఒకటి ఉందని, చిన్న విమానంలోనే వెళ్ళాలని చెల్లెలు అంటున్నది. వివరాలు తెలుపగలరు.
— ఒక పాఠకురాలు, మెహదీపట్నం

సమాధానం: అది మహాలే పర్వతాల జాతీయ పార్కు, టాంగన్యికా సరస్సు తూర్పు ఒడ్డున ఉన్నది. ఆ సరస్సు 673 కిలోమీటర్ల పొడవు, 1,470 మీటర్ల లోతు. మంచినీటి సరస్సుల్లో పొడవున మొదటిది, లోతున రష్యాలోని బైకాల్ తరువాతది. పార్కులో రోడ్లు లేవు. టాంజానియాలోనే ఉన్న ఆరుషా నగరం నుంచి చిన్న విమానం మధ్యలో ఆగుతూ గంటల తరబడి ఎగిరి సరస్సు ఒడ్డున మట్టి రన్‌వే మీద దిగుతుంది. అక్కడి నుంచి చెక్క పడవలో గంటన్నర. విమానం వారానికి కొన్ని రోజులే కనుక, ఆ రోజులను బట్టి మీ మజిలీ లెక్క వేసుకోవాలి గాని మీ సెలవును బట్టి కాదు.

1965 నుంచి జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం వారు ఇక్కడి చింపాంజీలను గమనిస్తున్నారు, అందుకే ఒక గుంపు మనుషులకు బెదరదు. అలాగని దగ్గరికి పోనివ్వరు. గుంపు దగ్గర గంట సేపు మాత్రమే ఉండాలి, ముఖానికి మాస్కు తప్పనిసరి, పది మీటర్ల దూరం పాటించాలి, జలుబు దగ్గు ఉన్నవారిని అసలే తీసుకువెళ్ళరు; మన జలుబు వాటికి ప్రాణం మీదికి తెస్తుంది. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు అవి కొండ దిగువకు వస్తాయి కనుక ఎక్కే శ్రమ తగ్గుతుంది. ఖర్చు భారమనిపిస్తే కిగోమా పట్టణానికి మామూలు విమానంలో వెళ్ళి, అక్కడి నుంచి పడవలో గోంబే పార్కుకు పోవచ్చు. చింపాంజీల శాస్త్రవేత్త జేన్ గూడాల్ 1960లో పరిశోధన మొదలుపెట్టిన అడవి అదే.

రెండు జాగ్రత్తలు. ఆ దేశంలో 2019 జూన్ 1 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం. పచ్చళ్ళనూ పొడులనూ చెప్పులనూ వేరువేరు కవర్లలో చుట్టే మన అలవాటును ఇంట్లోనే వదిలి, గుడ్డ సంచులు వాడండి. మీ విమానం కెన్యా మీదుగా గాని ఉగాండా మీదుగా గాని వెళ్తూ అక్కడ ఎక్కువ సేపు ఆగేటట్టయితే, తిరిగి వచ్చినప్పుడు శంషాబాద్‌లో పసుపు జ్వరం టీకా పత్రం అడుగుతారు. ఆ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేయించుకొన్న పది రోజులకు గాని పత్రం చెల్లదు, తరువాత జీవితాంతం చెల్లుతుంది.

ప్రశ్న: మార్చి నెలలో కెనడాలోని ఎల్లోనైఫ్ వెళ్తున్నాము. సరస్సు గడ్డకట్టి ఉంటుంది కదా, చిన్న విమానాలు తిరుగుతాయా?
— ఒక విద్యార్థిని, అమీర్‌పేట

సమాధానం: తిరుగుతాయి, దిమ్మెలకు బదులు స్కీ పలకలు బిగించుకొని మంచు మీదే దిగుతాయి. ఎల్లోనైఫ్ ముందున్న గ్రేట్ స్లేవ్ సరస్సు 614 మీటర్లతో ఉత్తర అమెరికాలోకెల్లా లోతైనది. మార్చిలో రాత్రులు ఉత్తర ధ్రువ కాంతులకూ, పగలు మంచు మీద విహారానికీ అనుకూలం. మంచు విరిగే మే, జూన్ రోజుల్లోనూ, నీరు గడ్డకట్టడం మొదలయ్యే శరదృతువు చివరలోనూ మాత్రం అటు దిమ్మెలూ ఇటు స్కీలూ పనికిరావు. ఆ వారాల్లో ఎవరైనా చవకగా యాత్ర అమ్మజూపితే ఎందుకు చవకో అడగండి.

ప్రశ్న: మన దగ్గర నీటి మీద దిగే విమానం ఎప్పుడు ఎక్కుతాము?
— ఒక ఇంటర్ విద్యార్థి, ఉప్పల్

సమాధానం: బాబూ, దగ్గరదాకా వచ్చిన సందర్భాలున్నాయి. 2020 అక్టోబరు 31న గుజరాత్‌లో సబర్మతి నుంచి కేవడియాకు సర్వీసు మొదలై, మరుసటి ఏడాదే ఆగిపోయింది. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి కృష్ణ మీదుగా శ్రీశైలానికి ట్విన్ ఆటర్ విమానం ఎగిరి నీటిలోనే దిగింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు అందులోనే వెళ్ళారు. అయితే అది ప్రదర్శన ప్రయాణం, టికెట్టు కొని ఎక్కే సర్వీసు కాదు. విమానం నీటిలో దిగినంత మాత్రాన సరిపోదు. తేలే జెట్టీ, ఇంధనం, నీటి దారిలో వలలూ తెప్పలూ అడ్డు రాకుండా చూసే మనుషులు ఏడాది పొడవునా ఉండాలి, వేసవిలో జలాశయం తగ్గినా జెట్టీ నీటిలోనే ఉండాలి. అంతవరకు అదే కృష్ణ నీటి మీద సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీ వేసినప్పుడు వెళ్ళిరా. వానాకాలం తరువాత, జలాశయం నిండుగా ఉన్నప్పుడే నడుపుతారు.